మైలోమాలో బీటా-2, ఎల్‌డీహెచ్, లైట్ చైన్స్: ఏ అంకె ఎంతవరకు చెబుతుంది

మీ ప్రశ్నను ముందు నాలుగు ముక్కల్లో పెడతాను, చదివే మిగతావాళ్లకీ అందుతుంది. రాజోలు దగ్గర పల్లె. నాన్నగారికి 64 ఏళ్లు, కొబ్బరి తోట, కాస్త వరి. ఎనిమిది నెలలుగా నడుము నొప్పి, ఊళ్లో ఆర్‌ఎంపీ గారి దగ్గర నొప్పి ఇంజెక్షన్లు, మాత్రలు. చివరికి కాకినాడలో మల్టిపుల్ మైలోమా, అంటే మూలుగలోని ప్లాస్మా కణాలకు వచ్చే కేన్సర్ అని తేలింది. హిమోగ్లోబిన్ 8.4, మొత్తం ప్రోటీన్ 10.2, ఆల్బుమిన్ 2.9, క్రియాటినిన్ 2.3, కాల్షియం 10.6, బీటా-2 మైక్రోగ్లోబ్యులిన్ 8.1, ఎల్‌డీహెచ్ అనే ఎంజైము 520 (ఆ ల్యాబ్ గరిష్ఠ పరిమితి 250), ఎం స్పైక్ (జబ్బు కణాలు తయారుచేసే యాంటీబాడీ ప్రోటీను) 4.6 గ్రాములు, లైట్ చైన్స్ అనే యాంటీబాడీ ముక్కల్లో కప్పా 890, లాంబ్డా 11, మూలుగలో ప్లాస్మా కణాలు 42 శాతం. ఫిష్ అనే జన్యు పరీక్ష రిపోర్టు ఇంకా రాలేదు. మందులు మొదలుపెట్టలేదు. ఇంటర్నెట్‌లో వెతికితే "స్టేజ్ 3, 29 నెలలు" అని కనిపించింది. "అంతేనా అండీ?" అని అడిగారు.

అంతే కాదండి. మీ నాన్నగారిని స్టేజ్ 3లోకి తోసిన రెండు అంకెల్లో ఒకటి, బీటా-2, కిడ్నీ వల్ల ఉబ్బి ఉండొచ్చు, రెండోది, ఎల్‌డీహెచ్, రక్తం తీసిన తీరు వల్ల ఉబ్బి ఉండొచ్చు. రెండూ నిజమైనవే అని తేలినా, ఇంటర్నెట్‌లో కనిపించిన ఆ 29 ఈ కాలపు అంకె కాదు.

ముందు ఆ 29 సంగతి. ఐఎస్ఎస్ అనే అంతర్జాతీయ స్టేజింగ్ పద్ధతి 2005లో వచ్చింది. దానికోసం 10,750 మంది రోగుల వివరాలు పోగు చేశారు. బీటా-2 లీటరుకు 3.5 మిల్లీగ్రాముల లోపు ఉండి ఆల్బుమిన్ 3.5 గ్రాములు, ఆపైన ఉంటే స్టేజ్ 1. బీటా-2 5.5, ఆపైన ఉంటే స్టేజ్ 3. ఈ రెంటిలోనూ పడనివన్నీ స్టేజ్ 2. అప్పట్లో ఈ మూడింటికీ మధ్యస్థ ఆయుర్దాయం 62, 44, 29 నెలలు. ఆ లెక్కలోని వాళ్లు ప్రధానంగా పాత మందుల కాలం వాళ్లు. కొత్త మందుల్లో బోర్టెజోమిబ్‌కు అమెరికాలో అనుమతి వచ్చింది 2003లో, మైలోమాకు లెనలిడోమైడ్ 2006లో, డారటుముమాబ్ 2015లో. పైగా మధ్యస్థం అంటే గడువు కాదు. సగం మంది అంతకన్నా ఎక్కువ కాలం ఉన్నారని దాని అర్థం. దయచేసి ఆ 29ని ఇంట్లో ఎవరి చెవినా వేయకండి, నాన్నగారి చెవిన అసలే వద్దు.

ఇక బీటా-2. ఇది మన ఒంట్లో కేంద్రకం ఉన్న ప్రతి కణం పైపొర మీదా ఉండే చిన్న ప్రోటీను. కణాలు పుట్టి చస్తుంటే రక్తంలోకి రాలుతూ ఉంటుంది, కిడ్నీ దాన్ని వడగట్టి అరగదీస్తుంది. కాబట్టి అది పెరగడానికి రెండు దారులు: మైలోమా కణాలు ఎక్కువై ఎక్కువగా రాలడం, లేదా కిడ్నీ మందగించి బయటికి పంపలేకపోవడం. డయాలసిస్ మీద ఉన్నవాళ్లలో మైలోమా జాడ లేకపోయినా బీటా-2 20, 30 దాటడం మామూలే. మీ నాన్నగారి క్రియాటినిన్ 2.3. అంటే ఆ 8.1లో జబ్బు వాటా ఎంత, కిడ్నీ వాటా ఎంత అన్నది ఆ అంకెను చూసి ఎవరూ చెప్పలేరు. అందుకే అంతర్జాతీయ మైలోమా సంఘాలు 2025లో హై రిస్క్ నిర్వచనాన్ని తిరగరాసినప్పుడు బీటా-2కి ఒక షరతు పెట్టాయి: 5.5, ఆపైన ఉండాలి, క్రియాటినిన్ 1.2 లోపు ఉండాలి. కిడ్నీ బాగున్నా బీటా-2 ఎక్కువ ఉంటే అది జబ్బు మాటే. కిడ్నీ దెబ్బతిని ఉంటే ఆ అంకెను హై రిస్క్ కింద లెక్కించరు. ఈ లెక్కన బీటా-2 ఒక్కదాన్ని పట్టుకుని నాన్నగారిని హై రిస్క్ అనలేం. పాత ఐఎస్ఎస్ ప్రకారం మాత్రం కాగితం మీద స్టేజ్ 3 గానే ఉంటుంది. మందులు మొదలయ్యాక కిడ్నీ కోలుకుని బీటా-2 దిగినా స్టేజ్ మార్చి రాయరు, ఎందుకంటే స్టేజ్ ఎప్పుడూ మొదటి రోజుదే. అది చూసి దిగులు పడొద్దు.

యూనిట్ కూడా చూసుకోండి. కొన్ని ల్యాబులు మిల్లీలీటరుకు నానోగ్రాముల్లో ఇస్తాయి, అప్పుడు ఇదే 8.1 కాస్తా 8,100 గా కనిపిస్తుంది. లైట్ చైన్స్‌లోనూ అంతే. లీటరుకు 890 మిల్లీగ్రాములు అన్నా డెసిలీటరుకు 89 అన్నా ఒకటే. ల్యాబు మారినప్పుడు 890 నుంచి 89కి పడిపోయిందని సంబరపడ్డ కుటుంబాలున్నాయి, పడింది దశాంశ బిందువు మాత్రమే.

ఎల్‌డీహెచ్ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుదాం, మీ కేసులో తూకం వంచేది అదే. 2015లో వచ్చిన సవరించిన స్టేజింగ్, ఆర్-ఐఎస్ఎస్ అంటారు, దాని నియమం ఇలా ఉంటుంది: ఐఎస్ఎస్ స్టేజ్ 3తో పాటు ఎల్‌డీహెచ్ ఎక్కువ ఉంటే, లేదా ఫిష్‌లో మూడు చెడ్డ మార్పుల్లో ఒకటి ఉంటే స్టేజ్ 3. ఈ రెండూ లేకపోతే బీటా-2 ఎంత ఎక్కువ ఉన్నా స్టేజ్ 2. ఆ పరిశోధనలో అయిదేళ్ల తర్వాత జీవించి ఉన్నవాళ్లు స్టేజ్ 1లో 82 శాతం, స్టేజ్ 2లో 62 శాతం, స్టేజ్ 3లో 40 శాతం. అంటే ఫిష్ మామూలుగా వచ్చిందనుకుంటే మీ నాన్నగారు 62 ఉన్న గుంపులోనా, 40 ఉన్న గుంపులోనా అన్నది ఒక్క ఎల్‌డీహెచ్ ట్యూబు తేలుస్తుంది. అంత బరువైన ట్యూబు ఎలా ప్రయాణం చేసిందో అడగకుండా ఎలా వదిలేస్తాం?

ఎల్‌డీహెచ్ ఎర్ర రక్తకణాల లోపల దండిగా ఉంటుంది. రక్తం తీసేటప్పుడో మోసేటప్పుడో కొన్ని కణాలు పగిలినా చాలు, అది సీరంలోకి ఒలికిపోతుంది, రిపోర్టులో అంకె ఎగిరి కూర్చుంటుంది. మన డెల్టాలో ఇది ఎలా జరుగుతుందో తెలుసు కదా. పొద్దున్నే ఊళ్లో కలెక్షన్ సెంటర్‌లో రక్తం తీస్తారు. సన్న సూదితో తీసి, సిరంజి నుంచి మూత గుండా ట్యూబులోకి గట్టిగా నొక్కుతారు. సెంట్రిఫ్యూజ్ ఉండదు. ట్యూబు అలాగే డబ్బాలో పడి, బైకు మీద గతుకుల రోడ్డు, ఒక్కోసారి సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం, అక్కణ్నుంచి బస్సో రైలో. ఎండాకాలం మధ్యాహ్నం ఆ డబ్బాలో ఐసు కరిగిపోయి ఉంటుంది, లేదా ట్యూబు నేరుగా ఐసుకే ఆని ఉంటుంది. రెండూ చెరుపే.

కాబట్టి ఎల్‌డీహెచ్ ఇంకోసారి చేయించండి, ఇలా చేయించండి. పరీక్ష చేసే ల్యాబు ఉన్న ఆసుపత్రిలోనే రక్తం ఇవ్వండి, ఊళ్లో ఇచ్చి పంపొద్దు. 21 గేజ్ సూది, వాక్యూమ్ ట్యూబు. చేతికి కట్టే పట్టీ నిమిషం దాటకూడదు. పిడికిలి పదేపదే బిగించి విప్పమంటే వద్దని చెప్పండి. ట్యూబు కుదపకూడదు, మెల్లిగా తలకిందులు చేస్తే చాలు. అరగంట గడ్డ కట్టనిచ్చి, రెండు గంటల లోపు సెంట్రిఫ్యూజ్ చేసి సీరం వేరు చేయాలి. ఎల్‌డీహెచ్‌కి ఇచ్చిన సీరం ఫ్రిజ్‌లో పెట్టకూడదు, గది వేడిమిలోనే ఉంచి ఆ రోజే పరీక్ష చేయాలి. ఈ ఎంజైములో కొన్ని రకాలు చలికి పాడవుతాయి. సీరం గులాబీ రంగులో ఉందా అని టెక్నీషియన్‌ను అడగండి, మంచి టెక్నీషియన్ ఆ ప్రశ్నకు సంతోషిస్తాడు. పాత రిపోర్టులోనే ఒక ఆనవాలు చూడొచ్చు: అదే ట్యూబులో పొటాషియం, కాలేయ పరీక్షల్లోని ఎస్‌జీఓటీ కూడా ఎగిరి ఉంటే, దాని పక్కనుండే ఎస్‌జీపీటీ మామూలుగా ఉంటే, కణాలు పగిలాయన్న అనుమానం బలపడుతుంది.

ఎల్‌డీహెచ్‌లో ఇంకో చిక్కు. దీన్ని కొలిచే రసాయన పద్ధతులు రెండున్నాయి. లాక్టేట్ నుంచి పైరువేట్ వైపు కొలిచే పద్ధతిలో గరిష్ఠ పరిమితి సుమారు 225 నుంచి 250 ఉంటుంది. పైరువేట్ నుంచి లాక్టేట్ వైపు కొలిచే కిట్లలో దాదాపు రెట్టింపు, 450 చుట్టూ ఉంటుంది. చిన్న ల్యాబుల్లో ఈ రెండో రకం ఇంకా వాడతారు. కాబట్టి ఒక చోట 520 వచ్చి ఇంకోచోట 430 వస్తే తగ్గిందని కాదు, పెరిగిందనీ కాదు. పక్కనే అచ్చయిన పరిమితితో పోల్చాలి. స్టేజింగ్‌లోనూ నియమం అదే: ఆ ల్యాబు గరిష్ఠ పరిమితిని దాటిందా లేదా.

నిజంగానే ఎక్కువ వస్తే? అప్పుడూ మైలోమాకే అంటగట్టే ముందు రెండు చూడాలి. ఒకటి విటమిన్ బి12 లోపం. మూలుగలో కణాలు పూర్తిగా ఎదగకముందే చచ్చి ఎల్‌డీహెచ్ బాగా పెరుగుతుంది, హిమోగ్లోబిన్ పడుతుంది, అచ్చం జబ్బు ముదిరినట్టే కనిపిస్తుంది. రెండోది మలేరియా, కామెర్లు, కాలేయ వాపు లాంటివి. ఇవేవీ లేకుండా సరిగ్గా తీసిన ట్యూబులో ఎక్కువ వస్తే మాత్రం అది గట్టి సంకేతమే. జబ్బు వేగంగా పెరుగుతోందని, కొన్నిసార్లు ఎముక దాటి బయట గడ్డలు కట్టిందని. అప్పుడు డాక్టర్ గారు పెట్-సీటీ అడిగితే ఖర్చని వెనకాడకండి.

ఒక మాట గట్టిగా చెబుతున్నాను: ఈ రిపీట్ పరీక్షల కోసం మందులు మొదలుపెట్టడం ఒక్క రోజు కూడా ఆలస్యం చేయొద్దు. డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ మొదటి డోసుకు ముందు రక్తం ఇచ్చేయండి, అదే రోజు మందు మొదలవ్వాలి. ఎందుకంటే మీ కేసులో అన్నిటికన్నా తొందర కిడ్నీది.

కప్పా 890. ఫ్రీలైట్ అనే కిట్టు పద్ధతిలో మామూలు కప్పా 3.3 నుంచి 19.4, లాంబ్డా 5.7 నుంచి 26.3, నిష్పత్తి 0.26 నుంచి 1.65. కిడ్నీ మందగించినవాళ్లలో నిష్పత్తి 0.37 నుంచి 3.1 వరకు మామూలుగా తీసుకునేవాళ్లు. నాన్నగారిది 81. ఇక్కడ నిష్పత్తి కన్నా 890 అన్న అసలు అంకెనే చూడాలి. లైట్ చైన్స్ 500 దాటితే అవి కిడ్నీ గొట్టాల్లో మూత్రంలోని ఇంకో ప్రోటీనుతో కలిసి గడ్డకట్టి దారి మూసేసే ప్రమాదం ఎక్కువ. దీన్నే కాస్ట్ నెఫ్రోపతీ అంటారు. దానికి తోడు ఎనిమిది నెలల నొప్పి ఇంజెక్షన్లు. డైక్లోఫెనాక్, ఎసెక్లోఫెనాక్ లాంటివి కిడ్నీకి రక్తం తగ్గిస్తాయి, నీరసించిన ప్రవాహంలో గడ్డలు ఇంకా తేలిగ్గా కడతాయి. ఒక్క మాత్ర కూడా ఇక వద్దండి. నొప్పికి పారాసిటమాల్, చాలకపోతే డాక్టర్ గారు ట్రమడాల్ లాంటిది రాస్తారు. సీటీకి రంగు ఇంజెక్షన్ ఇవ్వబోతున్నా, జెంటమైసిన్, అమికాసిన్ రాసినా, మైలోమా ఉందని, క్రియాటినిన్ 2.3 అని ముందే చెప్పండి.

మందు పనిచేస్తే లైట్ చైన్స్ చాలా త్వరగా పడతాయి. రక్తంలో అవి సగానికి తగ్గడానికి పట్టే కాలం గంటల్లో ఉంటుంది, ఐజీజీ అనే పూర్తి యాంటీబాడీకి మూడు వారాలు. కిడ్నీ తిరిగి కోలుకుంటుందా అన్నది ముందే చెప్పగల అంకె ఇదే: మొదటి మూడు వారాల్లో లైట్ చైన్ కనీసం 60 శాతం తగ్గాలి. మీ లెక్కలో 890 కాస్తా 356 కిందికి రావాలి. మందు మొదలైన రోజును సున్నాగా పెట్టుకుని, వారం, రెండు వారాలు, మూడు వారాలకు పరీక్ష చేయించండి, ప్రతిసారీ అదే ల్యాబులో. ఫ్రీలైట్ కిట్టు అంకెల్ని ఎన్-లేటెక్స్ కిట్టు అంకెలతో పోల్చకూడదు, రెండూ వేరే యాంటీబాడీలు. ఒక్కసారిగా 890 నుంచి 40కి పడితే నమ్మే ముందు శాంపిల్‌ను పలచన చేసి మళ్లీ చూశారా అని ల్యాబును అడగండి. లైట్ చైన్ మరీ ఎక్కువ ఉన్నప్పుడు పరీక్ష తికమకపడి తక్కువ చూపించే సందర్భాలున్నాయి. 60 శాతం తగ్గకపోతే మందుల కలయిక మార్చే ఆలోచన అప్పుడే చేయాలి, నాలుగు సైకిళ్లు, అంటే నాలుగు విడతల మందులు అయ్యేదాకా ఆగకూడదు. ఈ విషయం డాక్టర్ గారితో మొదటి రోజే మాట్లాడి పెట్టుకోండి.

నీళ్ల సంగతి. గుండె బాగుండి మూత్రం సరిగ్గా పోతుంటే రోజుకు మూడు లీటర్ల వరకు తాగమంటారు, ఎంతన్నది డాక్టర్ గారు తేల్చాలి. కోనసీమలో నీరసం అనగానే రోజుకు మూడు బొండాలు కొట్టి ఇస్తాం, ప్రేమతోనే. కానీ ఒక్కో బొండాంలో సుమారు అర గ్రాము పొటాషియం ఉంటుంది. క్రియాటినిన్ 2.3 ఉన్న మనిషికి పొటాషియం చూడకుండా బొండాలు వద్దు, గుండె లయ తప్పుతుంది. మంచినీళ్లే ఇవ్వండి.

కాల్షియం 10.6 చూసి పరవాలేదనుకున్నారు. ఆల్బుమిన్ తక్కువగా ఉన్నప్పుడు సరిచేసి చూడాలి: 4లోంచి ఆల్బుమిన్ తీసేసి, మిగిలినదాన్ని 0.8తో హెచ్చించి, వచ్చిన కాల్షియానికి కలపాలి. 4లోంచి 2.9 పోతే 1.1, దాన్ని 0.8తో హెచ్చిస్తే 0.88. మొత్తం దాదాపు 11.5. ఇది 11 దాటింది, అంటే ఎముక కరుగుతోంది, ఆ కాల్షియం కిడ్నీని ఇంకా ఎండబెడుతుంది. మైలోమా ప్రోటీనే కొన్నిసార్లు కాల్షియాన్ని పట్టుకుని అంకెను తారుమారు చేస్తుంది, అందుకే వీలుంటే అయనైజ్డ్ కాల్షియం చేయించండి, అది ఖరీదైనదేం కాదు. నడుము నొప్పికని వాడుతున్న కాల్షియం, విటమిన్ డి మాత్రలు ఇంట్లో ఉంటే ఇవాళే పక్కన పెట్టేసి డాక్టర్ గారికి చూపించండి.

ఆల్బుమిన్ 2.9 గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. జబ్బు విడుదల చేసే ఐఎల్-6 కాలేయాన్ని ఆల్బుమిన్ తయారీ నుంచి మళ్లిస్తుంది, అందుకే అది స్టేజింగ్‌లో చేరింది. తిండి సహించకపోవడం, చీము, జ్వరం, అన్నీ దాన్ని తగ్గిస్తాయి. గుడ్డు, పప్పు ఎక్కువ పెట్టి ఆల్బుమిన్ పెంచితే స్టేజ్ మెరుగుపడదు. ఒక్క సందర్భం మాత్రం వేరు: మూత్రంలో ఆల్బుమినే విపరీతంగా పోతుంటే అది లైట్ చైన్స్ అవయవాల్లో పేరుకుపోయే అమైలాయిడ్ జబ్బు కావచ్చు. అప్పుడు గుండె కోసం ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ, ట్రోపోనిన్ అనే రక్త పరీక్షలు చూడాలి. కాళ్ల వాపు, నాలుక లావెక్కడం, లేవగానే కళ్లు తిరగడం ఉన్నాయేమో గమనించండి.

అందుకే 24 గంటల మూత్రం పరీక్ష తప్పనిసరి. స్ట్రిప్ ముంచి చూసే పరీక్ష ఆల్బుమిన్‌ను పట్టుకుంటుంది గానీ లైట్ చైన్స్‌ను పట్టుకోలేదు. స్ట్రిప్‌లో ఏమీ లేకుండా 24 గంటల మూత్రంలో మూడు గ్రాముల ప్రోటీన్ పోతుంటే అది లైట్ చైనే. పట్టే పద్ధతి: పొద్దున ఆరింటికి మొదటి మూత్రం పారబోయాలి, అక్కణ్నుంచి ప్రతిదీ క్యాన్‌లో పట్టాలి, మర్నాడు ఆరింటికి పోసిన దానితో ముగించాలి. క్యాన్ ఫ్రిజ్‌లో, కుదరకపోతే ఐసు పెట్టిన బకెట్లో, నీడన. మొత్తం ఎన్ని మిల్లీలీటర్లో కొలిచి రాయకుండా చిన్న సీసాలో కొంచెం పోసి పంపితే ఆ పరీక్ష దండగే. మధ్యలో ఒక్కసారి మర్చిపోయి తోటలో పోసినా నిజం చెప్పి మళ్లీ మొదలెట్టండి.

హిమోగ్లోబిన్ 8.4 మొత్తం మైలోమాదే అనుకోకండి. కిడ్నీ వాటా ఉంటుంది, నొప్పి మాత్రల వల్ల కడుపులో రక్తం పోవడం ఉండొచ్చు, చెప్పుల్లేకుండా వరిచేలో దిగేవాళ్లలో కొంకిపురుగు ఉంటుంది. ఫెరిటిన్, బి12 చూడటం చవకైన పని. రక్తం ఎక్కించాల్సి వస్తే, డారటుముమాబ్ ఇచ్చే ఆలోచన ఉంటే, మొదటి డోసుకు ముందే పూర్తి బ్లడ్ గ్రూపింగ్, యాంటీబాడీ స్క్రీన్ చేయించాలి. ఆ మందు ఎర్ర కణాలకూ అంటుకుని క్రాస్ మ్యాచ్‌ను, అంటే ఎక్కించే రక్తం సరిపడుతుందా అని చూసే పరీక్షను గందరగోళం చేస్తుంది. ఏ మందు వాడుతున్నారో రాసిన చీటీ పర్సులో పెట్టుకోండి, అమలాపురంలో అర్ధరాత్రి రక్తం కావాల్సి వచ్చినా బ్లడ్ బ్యాంకు వాళ్లకు పని తేలికవుతుంది.

చవకైనా చాలామంది అడగని పరీక్ష ఇంకొకటి ఉంది, రక్తం స్మియర్. ప్లాస్మా కణాలు మూలుగ వదిలి రక్తంలోకి వచ్చాయా అని పేథాలజిస్టు మైక్రోస్కోప్‌లో చూస్తారు. 5 శాతం, ఆపైన ఉంటే అది ప్లాస్మా సెల్ లుకేమియా, లెక్కే మారిపోతుంది. స్మియర్ రక్తం తీసిన వెంటనే గీయాలి. సాయంత్రందాకా ట్యూబులో ఉంచితే కణాల ఆకారం చెడిపోతుంది. ఇదే రిపోర్టులో ప్లేట్‌లెట్లు చూడండి, మొదట్లోనే లక్ష కిందికి ఉంటే మూలుగ బాగా నిండిపోయిందని అర్థం.

సీఆర్‌పీ, న్యూట్రోఫిల్-లింఫోసైట్ నిష్పత్తి, ఆర్‌డీడబ్ల్యూ లాంటి వాటి మీద పరిశోధనలు చాలానే ఉన్నాయి, కానీ చిన్న జ్వరానికే మారిపోయే వాటిని పట్టుకుని ఎవరి చికిత్సా మార్చకూడదు. ల్యాబు వాళ్లు కేన్సర్ మార్కర్ల ప్యాకేజీ అని సీఈఏ, సీఏ 19-9 కలిపి అంటగడితే ఆ డబ్బు మిగుల్చుకోండి. మైలోమాకు వాటితో పని లేదు. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ విషయం మాత్రం ఒక్కటి గుర్తుంచుకోండి: బోర్టెజోమిబ్ మొదలయ్యాక అది కొంచెం పెరిగితే భయపడొద్దు. చాలాసార్లు ఎముక తిరిగి కట్టుకుంటోందనే దానికి గుర్తు అది.

ఫిష్ విషయానికి వస్తే, ఇది మూలుగ శాంపిల్ మీద చేసే జన్యు పరీక్ష, రక్తం మీద కాదు. ప్లాస్మా కణాల్ని వేరు చేసి చేశారా అని అడగండి. వేరు చేయకుండా చేస్తే మిగతా కణాల గుంపులో తేడా కొట్టుకుపోయి "నార్మల్" అని వస్తుంది. క్రోమోజోముల్లో 17పీ లోపం, 4;14, 14;16 మార్పిడులు, 1క్యూ అదనం, 1పీ32 లోపం, ఇవన్నీ ప్యానెల్‌లో ఉండాలి. 2022లో వచ్చిన ఆర్2-ఐఎస్ఎస్ వీటికి మార్కులిస్తుంది: ఐఎస్ఎస్ స్టేజ్ 2కి 1, స్టేజ్ 3కి 1.5, ఎల్‌డీహెచ్ ఎక్కువైతే 1, 17పీ లోపానికి 1, 4;14కి 1, 1క్యూ అదనానికి 0.5. సున్నా అయితే తక్కువ ప్రమాదం, 1 వరకు తక్కువ-మధ్యస్థం, 1.5 నుంచి 2.5 మధ్యస్థం-ఎక్కువ, 3 నుంచి 5 ఎక్కువ. నాన్నగారి లెక్క ఇప్పుడు 2.5. ఎల్‌డీహెచ్ తప్పని తేలితే 1.5, గుంపు అదే ఉంటుంది. ఎల్‌డీహెచ్ నిజమై, ఫిష్‌లో ఒక్క 1క్యూ తోడైనా 3, గుంపు మారిపోతుంది. అందుకే ఆ రెండు రిపోర్టులూ చేతిలోకి రాకుండా స్టేజ్ గురించి ఎవరేం చెప్పినా సగం మాటే.

తర్వాతి నెలల్లో ఏం చూడాలంటే: ఎం స్పైక్ 4.6 నుంచి 2.3కి దిగితే పాక్షిక స్పందన, 0.46 కిందికి దిగితే చాలా మంచి పాక్షిక స్పందన, 90 శాతం తగ్గుదల అన్నమాట. ఆ ప్రోటీనును గీతగా చూపించే ఇమ్యునోఫిక్సేషన్ పరీక్షలో గీత మాయమై మూలుగలో ప్లాస్మా కణాలు 5 శాతం లోపుకు వస్తే పూర్తి స్పందన. ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. డారటుముమాబ్ కూడా ఐజీజీ కప్పా యాంటీబాడీయే కాబట్టి నాన్నగారిది ఐజీజీ కప్పా రకమైతే మందే సన్నటి గీతగా కనిపిస్తుంది, జబ్బు మిగిలిందని పొరబడతారు. ల్యాబు ఫారంలో మందు పేరు రాయించండి. జబ్బు తిరగబెట్టిందనడానికి, అప్పటిదాకా వచ్చిన అతి తక్కువ అంకె నుంచి 25 శాతం పెరగాలి, అది కనీసం అర గ్రామైనా ఉండాలి, రెండోసారి పరీక్షలోనూ తేలాలి. 0.3 నుంచి 0.4 అయితే నిద్ర మానుకోవద్దు. కానీ ఎం స్పైక్ కదలకుండా కప్పా ఒక్కటే మెల్లగా ఎక్కుతుంటే పట్టించుకోండి. కొన్నిసార్లు జబ్బు పూర్తి యాంటీబాడీ తయారీ మానేసి లైట్ చైన్ మాత్రమే వదులుతూ తిరిగి వస్తుంది, అది మొదట కిడ్నీనే కొడుతుంది.

సోమవారం ఆసుపత్రికి వెళ్లేటప్పుడు పాత రిపోర్టులన్నీ తేదీల వారీగా ఒక ఫైల్లో, వాడిన నొప్పి మందుల స్ట్రిప్పులు ఒక కవర్లో తీసుకెళ్లండి. ఎన్టీఆర్ వైద్య సేవ కింద చేరితే ఏ పరీక్షలు ప్యాకేజీలో వస్తాయో, లైట్ చైన్స్ పరీక్షకు బయట డబ్బు కట్టాలా అన్నది అక్కడి ఆరోగ్యమిత్రను చేరే రోజే అడిగి తెలుసుకోండి. చేతి డబ్బు పరిమితంగా ఉండి ఏదో ఒకటి వదులుకోక తప్పకపోతే పెద్ద ప్యాకేజీలు వదిలేయండి, మూడో వారం కప్పా, క్రియాటినిన్ మాత్రం వదలకండి.